లంగరు వేసే కారు

అండమాన్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరిదీ ఒకటే గోల. జైలు చూశావా, పగడాలు చూశావా, అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కావా అని. చూడలేదమ్మా, ఎక్కలేదు. నేను చూసింది ఒక కారు. నల్లది, పొడుగాటిది, ఒకప్పుడు మహారాజులా బతికిన విదేశీ కారు. నా సెలవంతా దానికే సరిపోయింది.

"కారు చూడ్డానికి సముద్రం దాటాలా? జగదాంబ జంక్షన్‌లో నిలబడితే చాలదూ?" అని మా ఆడపడుచు మూతి మూడు వంకర్లు తిప్పింది. చాలదు. ఎందుకు చాలదో నోటితో చెబితే ఆవిడ మధ్యలో అడ్డొస్తుంది. అందుకే రాస్తున్నాను.

నేను భీమిలిలో పుట్టి, విశాఖపట్నంలో జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతున్న మనిషిని. నాకూ పోలమ్మకూ చిన్నప్పటి స్నేహం. ఇద్దరం ఒకే గంపలో చేపలు మోశాం, ఒకే జామచెట్టు మీంచి పడ్డాం. దాన్ని పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న నూకరాజుకి ఇచ్చి చేశారు. నూకరాజు తండ్రి ఎప్పుడో మా తీరం నుంచే వలలు భుజాన వేసుకుని ఆ దీవులకు పోయి స్థిరపడ్డాడు. పోలమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట, "సచ్చేలోగా ఒక్కసారి రాయే సరోజా" అని. ఈ ఏడు పెళ్ళిళ్ళ కుట్లు అయిపోగానే కొట్టుకు తాళం వేసి ఓడెక్కేశాను.

ఓడలో

ఓడ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, నాకు వాంతులేమిటని అందరి దగ్గరా గొప్పలు పోయాను. మొదటి పూటే కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేసింది. పక్క బెర్తులో ఒక బెంగాలీ ముసలావిడ నిమ్మకాయ కోసి నా ముక్కు దగ్గర పెట్టి, "దీదీ, సూంఘో" అంది. నన్ను అక్కా అన్నందుకు సంతోషించి ఆవిడ వంక చూస్తే నోట్లో ఒక్క పన్ను లేదు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది. ఆ దీవుల్లో అంతే. ఎవరికైనా దీదీ, ఎవరికైనా భయ్యా. మన దగ్గరలాగా వరస కలపడానికి ఇంటిపేరు, అత్తగారి ఊరు ఆరా తీస్తూ కూర్చోరు. సుఖమే అనుకోండి, కానీ ఆ రోజు నా మనసు కాస్త నొచ్చుకుంది.

జెట్టీ నుంచి డిగ్నాబాద్‌కి

నన్ను తీసుకెళ్ళడానికి నూకరాజు, అతని తమ్ముడు దానయ్య వచ్చారు. నూకరాజు మాటల్లో ఇంకా మన ఊరి వాసన ఉంది. దానయ్య అక్కడే పుట్టి పెరిగినవాడు. జెట్టీలో సర్కారు లాంచీల ఇంజన్లు చూసుకునే ఉద్యోగం. తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ అందులో సగం హిందీ. చదవడం రాదు. నేను తెచ్చిన మామిడి తాండ్ర పొట్లం మీద ఏం రాసుందో నన్నే చదివి చెప్పమన్నాడు.

"బండి తెచ్చినాం ఒదినా" అన్నాడు నూకరాజు.

బండి అంటే ఆటో అనుకున్నాను. చూద్దును కదా, కల్యాణమంటపాల ముందు పెళ్ళికొడుకుల కోసం పూలు చుట్టి నిలబెడతారే, అలాంటి కారు! నోరు తెరుచుకుని దగ్గరికి వెళ్ళాను. వెళ్ళగానే నోటితో పాటు ముక్కు కూడా మూసుకోవాల్సి వచ్చింది. గుప్పుమని చేపనూనె వాసన. కారు కింద నాలుగైదు పిల్లులు, పైన ఒక ఎర్ర పిల్లి.

"సొర నూనె దీదీ. అండర్ మే పూరా పూసినాం. ఈ ఉప్పుగాలికి లోహా ఆగదు కదా" అన్నాడు దానయ్య గర్వంగా. చెక్క పడవకి ఏటా అడుగు గీకి సొరచేప కాలేయం నూనె పట్టిస్తారే, అచ్చం అలాగే కారును రాళ్ళ మీదికి ఎత్తి, గీకి, నూనె పట్టించి, నిమ్మకాయ కోసి, గంగమ్మకు దణ్ణం పెట్టి దింపుతారట. తుప్పు మాట ఏమోగానీ పిల్లులు మాత్రం బాగా పట్టాయి.

తలుపుకు పిడి లేదు. దాని చోట ఒక నైలాన్ తాడు వేలాడుతోంది. చేప తగిలినప్పుడు గాలం లాగినట్టు చటుక్కున లాగితే తెరుచుకుంటుంది. మెల్లగా లాగితే తెరుచుకోదు. లోపల తోలు సీట్ల మీద వల నేసినట్టు కుట్లు. ఆ కుట్లు చూసి నా వృత్తి లేచి కూర్చుంది, అంత ముచ్చటగా ఉన్నాయి. స్టీరింగు ముందు రకరకాల దీపాలు ఎర్రగా, పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద ఎర్ర దీపం మీద గంగమ్మ తల్లి బొమ్మ అంటించి ఉంది.

"అదేటి బాబూ?"

"ఇంజన్‌లో గడ్‌బడ్ ఉంటే ఎలుగుతాది దీదీ."

"మరి గడ్‌బడ్ ఉందా?"

"ఎప్పుడూ ఉంటాది. అందుకే అమ్మవారికి అప్పజెప్పినాం."

విడిభాగాల సంగతీ ఇలాంటిదే. ఆ కారుకి ఒక మర కావాలన్నా మెయిన్‌లాండ్ నుంచి ఓడలో రావాలి. వచ్చిందనుకుంటే వేరే కారుది వస్తుంది. అందుకని దొరికినదాన్ని బట్టి వాళ్ళే ఏదో ఒకటి బిగించుకుంటారు. హారను పాత పడవది. అది మోగితే జెట్టీలో జనం ఓడ వచ్చిందని సామాన్లు సర్దుకుంటారట.

పోర్ట్ బ్లెయిర్‌లో చదునుగా ఉండేది సముద్రం ఒక్కటే. తక్కినదంతా ఎక్కడం, దిగడం. డిగ్నాబాద్‌లో వాళ్ళిల్లు ఒక గట్టు మీద ఉంది. ఇంకో నాలుగు బారలు వెళితే ఇల్లనగా కారు ఎక్కిళ్ళు పెట్టి ఆగి, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. నేను ఓలమ్మో అని కేక వేశాను. నూకరాజు మాత్రం తాపీగా వెనక సీటు కిందికి వంగి, నాలుగు కొక్కేల ఇనప లంగరు తీసి కిటికీలోంచి బయటికి విసిరాడు. అది మురుగుకాలవ పలకను పట్టుకుంది. తాడు బిగిసింది. కారు ఆగింది.

"హ్యాండ్ బ్రేక్ పోనాది ఒదినా. దాని సామాను వొచ్చేదాకా ఇదే" అన్నాడు.

గుమ్మంలో పోలమ్మ చీర చెంగు దోపుకుని నిలబడి ఉంది. నన్ను కావిలించుకుని, ఏడ్చి, నవ్వి, ముక్కు చీది, నా భుజం మీంచి మొగుణ్ణి చూస్తూ అరిచింది. "ఈ పీనుగులో తెచ్చేర్రా దాన్ని? ఊళ్ళో ఆటోలు సచ్చిపోనాయేటి?"

పడవకు బదులు

చేపల పులుసు చేస్తూ పోలమ్మ తన గోడంతా వెళ్ళబోసుకుంది. అక్కడ కొబ్బరికాయ చవక, చేప చవక. టమాటా మాత్రం ఓడ దిగి రావాలి కాబట్టి బంగారం. అందుకని పులుసులో పులుపుకి పచ్చి మామిడి వేసింది. కొబ్బరి పాలు పోయడం మాత్రం అక్కడ నేర్చుకున్నదే. మన భీమిలి పులుసుకి చెల్లెలి వరస అవుతుంది. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను.

సంగతేమిటంటే, వీళ్ళకి ఒకప్పుడు రెండు పడవలు ఉండేవి. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ఒక కంట్రాక్టరు ఈ కారును ఓడలో దింపుకుని నాలుగేళ్ళు తిరిగాడు. అది మొరాయించడం మొదలుపెట్టాక చెట్టు కింద వదిలేశాడు. అతనికి సరదాగా తిరగడానికి పడవ కావాలి. దానయ్యకేమో ఆ కారు మీద కన్ను. ఇంకేముంది, ఒక పడవ ఇచ్చి కారు తెచ్చుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. వేటలో దొరికినదాన్ని వాటాలు వేసేటప్పుడు పడవకి కూడా ఒక వాటా తీస్తారు కదా, దాని మరమ్మతులకని. మా తీరంలోనూ అంతే. పడవకు బదులు వచ్చింది కాబట్టి ఆ పడవ వాటా ఇప్పుడు కారుదని దానయ్య తేల్చాడు. అన్న సరేనన్నాడు. అమ్మిన చేపల డబ్బులోనూ, ఇంట్లో కూరకు ఉంచుకునే చేపల్లోనూ కారు వాటా వేరేగా తీసిపెడుతున్నారు!

"యాటకెల్లని పడవకి వోటా ఏటే? సెప్పు, నువ్వు సెప్పు" అని పోలమ్మ గరిటె నా ముఖం మీదికి ఊపింది.

నూకరాజు మెల్లగా అన్నాడు. "జబ్బు సేసి ఒడ్డున ఉండిపోయినోడికి వోటా తియ్యమేటి? తీత్తాం. ఇది కూడా అంతే. జబ్బు మనిషి."

"మనిషంట! మనిషి!" అని పోలమ్మ పొయ్యిలోని కట్టెను వెనక్కి లాగింది.

నాకు నవ్వొచ్చింది. కానీ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కిందటి వానాకాలం నూకరాజు పడవ ఇంజను నడిసముద్రంలో ఆగిపోయిందట. మర్నాటి దాకా జాడ లేదు. తెడ్డు వేసుకుంటూ అరచేతులు పుళ్ళు పడి ఇంటికొచ్చాడు. ఆ రాత్రి ఎలా గడిచిందో చెబుతూ పోలమ్మ చేప తోముతున్న చెయ్యి ఆపేసింది. "మళ్ళీ అలాటి రాత్రి నానుండలేనే సరోజా. నా వొల్ల కాదు" అంది. ఆ ముసలి ఇంజనుతోనే అతను ఇప్పటికీ వేటకు పోతున్నాడు.

ఇప్పుడు వండూర్‌లో ఒక రిసార్టు యజమాని ఈ కారును చూసి ముచ్చట పడ్డాడు. కారు ఇస్తే పడవకి కొత్త ఇంజను ఇస్తానన్నాడు. ఇచ్చేయాలని పోలమ్మ. ఇస్తే జెట్టీ మీంచి దూకేస్తానని దానయ్య. ఇద్దరి మధ్యా పోకచెక్కలా నూకరాజు.

నేను పెద్దమనిషినైన సంగతి

చివరికి పోలమ్మే తీర్పు చెప్పింది. కారు వండూర్ దాకా ఎవరూ దిగి తొయ్యకుండా వెళ్ళిందా, మనదే. ఇంక జన్మలో నోరెత్తను. ఒక్కసారి తోశారా, అక్కడికక్కడే రిసార్టు వాడికి అప్పజెప్పి ఇంజను తెచ్చుకోవడమే. లంగరు వేసుకోవచ్చు, అది తొయ్యడం కిందికి రాదు.

"పెద్దమనిసి సరోజ. దాని మాటే మాట" అంది.

నాకు కారు తోలడం రాదు, లెక్క రాదు, ఆ ఊరి పద్ధతి తెలియదు. పెద్దమనిషికి ఇంతకంటే ఏం అర్హతలు కావాలి! ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక తెలిసింది, వెనక సీట్లో కూర్చున్నవాళ్ళే లంగరు విసరాలని. ఎప్పుడూ అది పోలమ్మ పని. ఆ పూట మాత్రం "నాను ముట్టను. ముడితే పచ్చపాతం అంటారు" అని చేతులు కట్టుకుని కూర్చుంది.

డాలీగంజ్ ఎత్తు

అక్కడ తెల్లవారుజామునే ఎండ నెత్తికెక్కుతుంది. మన దగ్గర జనం పళ్ళు తోముకునే వేళకి వాళ్ళు సగం పని ముగిస్తారు. మేమూ అలాగే బయల్దేరాం. దానయ్య స్టీరింగు దగ్గర, పక్కన నూకరాజు, వెనక పోలమ్మ, నేను, మా కాళ్ళ దగ్గర లంగరు. వెనక అద్దం దగ్గర ఎర్ర పిల్లి. అది టిక్కెట్టు లేని పాసింజరు. ఎక్కడికెళ్ళినా వస్తుందట.

డాలీగంజ్ దాకా కారు ఎంత మెత్తగా వెళ్ళిందని! కుదుపు లేదు, చప్పుడు లేదు. చెప్పొద్దూ, నేను కూడా కాస్త వెనక్కి వాలి, మెడ సాచి, దారిన పోయేవాళ్ళను చిన్నచూపు చూశాను. అంతలో ఎత్తు వచ్చింది. కారుకి ఎక్కిళ్ళు వచ్చాయి.

"లంగర్! దీదీ, లంగర్!"

కళ్ళు మూసుకుని, గంగమ్మా అని విసిరేశాను. నా జన్మలో సూది తప్ప మరేదీ గురి చూసి ఎరగను. లంగరు ఎగిరి ఒక ఇంటి ముందు బట్టలారేసిన వెదురుగడను పట్టుకుంది. గడ ఊడొచ్చింది. కారు వెనక్కి జారుతుంటే మా ముందు ఒక దుప్పటి, రెండు లంగాలు, ఒక పసుపు జాకెట్టు ఊరేగింపులా రోడ్డు మీద వచ్చాయి. చివరికి లంగరు కల్వర్టు గోడకు చిక్కుకుంది గానీ, ఆ ఇంటావిడ అప్పటికే చీపురుతో బయల్దేరింది.

"అరే! మేరా చద్దర్! అంధే హో క్యా?"

"మాఫ్ కరో అమ్మా, బ్రేక్ నహీఁ హై" అన్నాడు దానయ్య.

"బ్రేక్ నహీఁ తో గాడీ క్యోఁ హై?"

పోలమ్మ నా చెవిలో, "బ్రేకు లేనప్పుడు బండెందుకని నాను ఇన్నేళ్ళుగా అడుగుతన్న మాటే" అంది.

తప్పు చేసిన చెయ్యి నాది కాబట్టి నేనే దిగాను. తొయ్యడానికి కాదు, జాకెట్టు కోసం. భుజం దగ్గర జానెడు చిరిగింది. నా మెడలో గొలుసుకి సూది, చీర కొంగులో దారం ఎప్పుడూ ఉంటాయి. వాళ్ళ అరుగు మీద కూర్చుని కుట్టు కనబడకుండా కుట్టి ఇచ్చాను. ఆవిడ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. చీపురు గోడకు ఆనించింది. తర్వాత అల్లం టీ వచ్చింది, చిన్న అరటిపళ్ళు వచ్చాయి, ఇంకో రెండు జాకెట్లు కూడా వచ్చాయి, వీటి హుక్కులు కాస్త చూడమని. ఆవిడది తమిళ కుటుంబమట. మాకిద్దరికీ హిందీ సమానంగా రాదు, అందుకని బాగా మాట్లాడుకున్నాం.

నేను హుక్కులు కుట్టేలోగా కారు చల్లబడింది. దానయ్య తాళం తిప్పగానే లేచి, ఎత్తు ఎక్కేసింది. ఎవరూ తొయ్యలేదు. పోలమ్మ పళ్ళు కొరికింది.

వాన

ఊరు దాటాక పోకచెట్లూ కొబ్బరితోటలూ, మధ్య మధ్యన రేకుల ఇళ్ళు. అక్కడి వాన చెప్పి రాదు. ఒక మలుపు తిరగ్గానే బిందెలతో కుమ్మరించినట్టు పడింది. అద్దం తుడిచే కర్రలు ఉన్నాయి గానీ వాటిని కదిపే మోటారు ఎప్పుడో పోయింది. ఒక్కో కర్రకీ తాడు కట్టి కిటికీల్లోంచి లోపలికి తెచ్చారు. నూకరాజు తన వైపు తాడు లాగితే కర్రలు రెండూ అటు పోతాయి, దానయ్య లాగితే ఇటు వస్తాయి.

"హైలెస్సా!" అని అన్న.

"హైలెస్సా!" అని తమ్ముడు.

వల లాగేటప్పటి పదమే. లయ తప్పితే రోడ్డు కనబడదు. ఒకచోట ఇద్దరూ ఒకేసారి లాగారు, ఏమీ కనబడలేదు, ఆవు ఒకటి అంబా అనడంతో బతికిపోయాం.

"ఓరి మీ మొకాలు మండా, నువ్వు లాగినాకే ఆడు లాగాల!" అని పోలమ్మ ముందుకు వంగి పదం అందుకుంది. దాని గొంతు చిన్నప్పట్నుంచీ పెద్దది. ముగ్గురూ కలిసి పాడుతుంటే కారు ఆ వానలో పడవలాగే పోయింది. నేనూ గొంతు కలిపాను. చాలా సంతోషంగా అనిపించింది. వాన వెలిశాక పోలమ్మకు తను ఏ పక్షమో గుర్తొచ్చి, మళ్ళీ చేతులు కట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

వండూర్

వండూర్ చాలా అందమైన ఊరు. సముద్రం పక్కన మొసళ్ళు ఉన్నాయి జాగ్రత్త అని బోర్డు, దాని కిందే కొబ్బరిబొండాలు తాగుతున్న జనం. సునామీకి కూలిన మహావృక్షాలు తెల్లగా ఎండి ఇంకా ఒడ్డునే పడున్నాయి. రిసార్టు గేటు కనబడుతోంది. దానయ్య హారను కొట్టాడు. గేటు ముందున్న కుక్క లేచి పారిపోయింది.

సరిగ్గా అప్పుడు కారు ఆగిపోయింది.

ఎత్తు కాదు, పల్లం కాదు. ఇసక పరుచుకున్న చదును నేల. లంగరుతో పని లేదు. దానయ్య తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. లోపలి దీపాలన్నీ ఆరిపోయాయి, అమ్మవారి కింద ఉన్న ఎర్ర దీపంతో సహా.

"బస్, దో మినట్" అన్నాడు.

కూర్చున్నాం. అతని రెండు నిమిషాలు అయ్యాయి, ఇంకా చాలా నిమిషాలు అయ్యాయి. బొండాలవాడు, వాడి స్నేహితులు వచ్చి, "ధక్కా మారేఁ, భయ్యా?" అని వెనక చేతులు వేశారు. "ముట్టుకున్నారంటే సేతులిరుగుతాయి!" అని పోలమ్మ గావుకేక పెట్టింది. బయటివాళ్ళు తోస్తే అది తోసినట్టు కాదని దానయ్య అంటాడని దాని భయం. వాళ్ళు బెదిరి దూరంగా నిలబడి చూస్తున్నారు. పిల్లి ఆవులించి బయటికి దూకింది.

అందరూ నా వంకే చూశారు. పెద్దమనిషిని కదా. దానయ్య స్టీరింగును రెండు చేతులతో పట్టుకుని తల వంచుకున్నాడు, అతని చెవులు ఎర్రబడ్డాయి. అటు చూస్తే పోలమ్మ. దాని గుండెకోత కూడా నాకు తెలుసు. ఏమని చెప్పను!

నూకరాజే నన్ను ఆదుకున్నాడు. "ఇంక ఎల్లదురా తమ్ముడా. మాటంటే మాటే. పిలువు ఆ బాబుని."

రిసార్టు బాబు వచ్చాడు. మెయిన్‌లాండ్ కుర్రాడు, పూల చొక్కా, మంచి మర్యాద. అందరికీ నీళ్ళిచ్చాడు. ఇంజను కొత్తది, పెట్టెలోనే ఉంది, ఇప్పుడే తీసుకెళ్ళండన్నాడు. తర్వాత ఆనందం పట్టలేక కారును ఏం చేయబోతున్నాడో చేతులు ఊపుతూ హిందీలో చెప్పాడు. ఇంజను పీకేస్తాడట. తలుపులు తీసేస్తాడట. ముక్కు ఇసకలో పాతి, పక్కకు ఒరిగేలా నిలబెట్టి, మీద చిరిగిన వల కప్పి, ఒక విరిగిన తెడ్డు ఆనిస్తాడట. తుఫాను ఒడ్డుకు విసిరికొట్టినట్టు కనబడాలి. జనం దాని మీద కూర్చుని ఫోటోలు తీసుకుంటారు.

పోలమ్మ చేతులు విప్పింది. "ఔర్ అందర్ కే లోగ్?" అని అడిగింది.

"జీ?"

"లోపలోళ్ళు. ఉన్ కా క్యా హువా?"

అతను నవ్వాడు. "ఆంటీ, అందర్ కోయీ నహీఁ. డెకరేషన్ హై." లోపల ఎవరూ లేరట.

"బాబూ," అంది పోలమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు, అందుకే నాకు భయమేసింది. ఇక హిందీ పూర్తిగా వదిలేసింది. "కాళీ పడవ ఒడ్డుకి కొట్టుకొత్తే మా కాడ పోటోలు తియ్యరు. వాడంతా పరిగెట్టుకొచ్చి మనుసుల్ని లెక్కెట్టుకుంటారు. నాను ఒక రాత్రంతా ఒడ్డున నిలబడి లెక్కెట్టినాను. ఈ బండి మా పడవకి బదులొచ్చినాది. మా పడవని బోల్తా కొట్టించి, దాని మీన కూకుని నవ్వుతారా?"

దానయ్య హిందీలో చెప్పబోయాడు. వద్దని చెయ్యి ఊపి, చీర చెంగు బిగించి, కారు వెనక్కి వెళ్ళి రెండు చేతులూ ఆనించింది.

"ఒసే, తోస్తే ఇచ్చెయ్యాలన్నావు కదే!" అన్నాను. పెద్దమనిషిని, ఏదో ఒకటి అనాలి కదా.

"ఈడికి ఇచ్చేద్దామనుకున్నాను. ఇప్పుడు ఈడి కాడ్నించి లాక్కెల్లిపోతన్నాను. మాటలాపి నువ్వూ తొయ్యి!"

తోశాను. నూకరాజు తోశాడు, బొండాలవాడూ అతని స్నేహితులూ తోశారు. పాపం, అయోమయంలో రిసార్టు కుర్రాడు కూడా తోశాడు. ఇరవై అడుగులు పోయామో లేదో, ఢామ్మని ఒక చప్పుడు చేసి కారు లేచింది. లేచి ఆగకుండా పోతోంది! ఆపితే మళ్ళీ లేవదని దానయ్య భయం. అక్కడి జెట్టీ ముందు గుండ్రంగా తిరుగుతూ, "చఢో! ఒదినా, చఢో! దీదీ!" అని అరుపులు. లంగరు లోపలుంది, మేము బయటున్నాం. చెప్పులు చేత పట్టుకుని ముగ్గురం వెంటపడ్డాం. మా ముగ్గురికంటే ముందు పిల్లి ఎక్కింది. నేను ఎలా ఎక్కానో నాకే తెలియదు, సగం శరీరం లోపల పడ్డాక పోలమ్మ వెనక నుంచి ఒక్క తాపు తన్నింది.

తిరుగుదారి

దానయ్య మాటిమాటికీ చొక్కా చేతితో ముఖం తుడుచుకుంటున్నాడు.

"ఇంజను సంగతి గంగమ్మ తల్లే సూసుకుంటాది" అన్నాడు నూకరాజు.

"అమ్మ సూత్తాది. నువ్వూ సూసుకో" అంది పోలమ్మ. ముందుకు వంగి మొగుడి భుజం పట్టుకుంది. అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది, అది కారును దక్కించుకుని ఏం పోగొట్టుకుందో.

దానయ్యకీ అర్థమైనట్టుంది. "ఒదినా, ఈ గాడీ వోటా బంద్" అన్నాడు. "ఈ రోజు నుంచి అది కొత్త ఇంజన్‌కే. నా జీతంలోంచి కూడా ఏస్తాను. అది వచ్చేదాకా ఈ బండికి ఒక్క పేచ్, ఒక్క మర కూడా కొనను. భయ్యా పాత ఇంజన్‌ని నేనే ఇప్పి కూకుంటాను, రోజూ నా నౌకరీ అయినాక. కసమ్."

డాలీగంజ్‌లో ఆ తమిళావిడ అరుగు మీద నిలబడి మా కారును చూడగానే పరిగెత్తుకుంటూ వచ్చి ఆరేసిన బట్టలన్నీ లోపలికి తీసేసుకుంది.

వాటాలు

నేను బయల్దేరే ముందురోజు నూకరాజు వేట నుంచి మంచి చేపలతో వచ్చాడు. అమ్మాల్సినవి అమ్మేసి, కూరకు ఉంచుకున్నవి పెరట్లో గోనెసంచి మీద పోశాడు. పోలమ్మ కుదురుగా కూర్చుని వాటాలు వేసింది. పడవకి, వలలకి, అన్నకి, తమ్ముడికి. కారు వాటా దగ్గరికి వచ్చేసరికి దానయ్యే వంగి, ఆ చేపల్ని పక్కకు జరిపి, "ఇంజన్" అన్నాడు. అమ్మి పెట్టమని అన్న చేతికిచ్చాడు. మాట మీద నిలబడ్డాడు.

ఇంకో చిన్న కుప్ప మిగిలింది.

"ఇదెవరికే?" అన్నాను.

"నీకే. లంగరేసినోల్లకి వోటా ఉండదేటి?"

నన్ను ఇన్నాళ్ళూ చుట్టంలా చూశారు, వడ్డించారు, మంచం మీద పడుకోబెట్టారు. అదంతా ఒక ఎత్తు, ఆ నాలుగు చేపలు ఒక ఎత్తు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చెంగుతో తుడుచుకుంటే చెంగంతా సొర నూనె వాసన, అందుకని ఇంకాస్త కారాయి.

అందరూ లేచాక పోలమ్మ అటూ ఇటూ చూసింది. తన కుప్పలోంచి ఒక చేప తీసింది. చిన్నది కాదు, ఉన్నవాటిలో బాగున్నదే. గట్టు అంచున లంగరు వేసి నిలబెట్టిన కారు దగ్గరికి వెళ్ళి, దాని ముందు ఆకు పరిచి పెట్టింది.

"అదేటి? వోటా బందన్నారు కదా?" అన్నాను.

"బందే" అంది, నా ముఖం చూడకుండా. "అలాగని జబ్బు మనిసిని పస్తుంచుతామేటే?"

ఎర్ర పిల్లి కారు మీంచి దిగి, చేపను నోట కరుచుకుని కారు కిందికి పోయింది. పోలమ్మ దాన్ని అదిలించలేదు.